రేడియో అయోడిన్ మందు, కర్మాగారంలో మూడు రెక్కల గుర్తు: మీరడిగిన వాటికి జవాబు

మీ ప్రశ్న ఒక్కటిగా కనబడినా అందులో మూడు సంగతులున్నాయి. మీ అమ్మగారికి థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తున్నదని, హైదరాబాద్‌లో రేడియో అయోడిన్ మందు ఇస్తామన్నారని, ఇంట్లో ఏడాదిన్నర పాప ఉన్నందున ఎవరికీ ధైర్యం చాలడం లేదని రాశారు. మిర్యాలగూడ దగ్గరి సిమెంటు కర్మాగారంలో పనిచేసే మీ తమ్ముడు, పసుపు రంగు మీద మూడు రెక్కల రేడియేషన్ హెచ్చరిక గుర్తున్న బరువైన డబ్బాను ఒక గొట్టానికి బిగించి ఉండగా చూసి, దాని పక్కన రోజూ నిలబడితే ఏమవుతుందని అడిగాడన్నారు. ఆమ్రాబాద్‌లోనూ పెద్దగట్టులోనూ యురేనియం తవ్వకం వద్దని జనం అంతగా కొట్లాడితే, అదే పదార్థాన్ని ఆస్పత్రిలో మందని ఎట్లా మింగిస్తారని మీ నాన్నగారు అంటున్నారట. నాది దేవరకొండ ప్రాంతం. హైదరాబాద్‌లో న్యూక్లియర్ మెడిసిన్ (రేడియోధార్మిక మందులతో పరీక్షలు, చికిత్స చేసే) విభాగంలో టెక్నాలజిస్టుగా దాదాపు ముప్పై ఏళ్ళు పనిచేసి మానుకున్నాను. ఈ మూడు ప్రశ్నలను నేను విడివిడిగా ఎన్నోసార్లు విన్నాను గాని, ఒకే ఇంటి నుంచి మూడూ రావడం ఇదే మొదలు.

ముందుగా ఒక తేడాను మనసులో పెట్టుకోండి, మిగిలినదంతా దానిమీదే ఆధారపడి ఉంటుంది. కిరణాలు ఒక వస్తువు మీద పడటం వేరు, కిరణాలను వెలువరించే పదార్థమే ఆ వస్తువులోకి చేరడం వేరు. కళ్ళంలో ఆరబోసిన మిర్చి ఎండకు రంగు మారుతుంది, బరువు తగ్గుతుంది, కానీ రాత్రికి ఇంట్లోకి తెచ్చుకుంటే అది ఎండ కాయదు. ఎక్స్-రే తీయించుకున్న మనిషి, సీటీ స్కాన్ చేయించుకున్న మనిషి, కేన్సర్‌కు బయటి నుంచి యంత్రంతో కరెంటు పెట్టించుకున్న మనిషి (మన ఊళ్ళలో రేడియేషన్ చికిత్సను కరెంటు పెట్టడమనే అంటారు గదా) ఈ మిర్చి వంటివారే. బల్ల దిగిన క్షణం నుంచి వారి ఒంట్లో కిరణాల జాడ ఉండదు, పాపను ఎత్తుకోవచ్చు, ఒకే కంచంలో తినవచ్చు. అల్ట్రాసౌండ్‌లోనూ ఎంఆర్‌ఐలోనూ ఈ జాతి కిరణాలే లేవు. మీ అమ్మగారి సంగతి మాత్రం రెండో రకం. ఆమెకు ఇచ్చేది కిరణాలను వెలువరించే పదార్థాన్నే కాబట్టి, కొన్నాళ్ళపాటు ఆమె ఒంటి నుంచి కొంత కిరణం బయటికి వస్తుంది. ఎంత వస్తుంది, ఎన్నాళ్ళు వస్తుంది, ఎంత దూరం వస్తుంది అన్నవే అడగవలసిన ప్రశ్నలు.

థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ లేనిదే పని నడవదు. ఉప్పు నుంచి వచ్చినా చేప నుంచి వచ్చినా, రక్తంలో తిరిగే అయోడిన్‌ను అది ఏరి పట్టుకుని హార్మోను తయారు చేస్తుంది. మామూలు అయోడిన్ పరమాణు భారం 127, మందులో ఉండేది అయోడిన్-131, గ్రంథికి ఈ రెంటి మధ్య తేడా తెలియదు. కాబట్టి మింగిన మందు సూటిగా వెళ్ళి, ఏ గ్రంథి అతిగా పనిచేస్తున్నదో అందులోనే ఎక్కువగా చేరి, అక్కడి కణాలను లోపలి నుంచి తగ్గిస్తుంది. అది విడుదల చేసే బీటా కణాలు కండలో ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పోవు, అందుకే పక్కనున్న అవయవాలకు పెద్దగా ఇబ్బంది ఉండదు. దాంతోపాటు వచ్చే గామా కిరణం మాత్రం ఒళ్ళు దాటి బయటికి వస్తుంది, జాగ్రత్తలన్నీ దాని కోసమే. ఇది నిన్న మొన్న పుట్టిన వైద్యం కాదు. అతి థైరాయిడ్‌కు రేడియోధార్మిక అయోడిన్‌ను 1941లోనే అమెరికాలోని బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ అనే వైద్యుడు మొదటిసారి ఇచ్చాడు. అప్పటి నుంచి లక్షల మందికి ఇస్తూనే ఉన్నారు.

అయోడిన్-131 అర్ధాయుష్షు 8 రోజులు. అంటే బిందెలో ఎన్ని నీళ్ళున్నా ఎనిమిది రోజులకు సగం, మరో ఎనిమిది రోజులకు అందులో సగం మాత్రమే మిగిలినట్లు లెక్క. 24 రోజులకు ఎనిమిదో వంతు, 80 రోజులకు వెయ్యో వంతు కూడా మిగలదు. ఇది ఊరికే సీసాలో ఉంచిన మందు సంగతి. మనిషి ఒంట్లో అయితే గ్రంథి పట్టుకోని భాగమంతా మొదటి రెండు రోజుల్లోనే మూత్రంలో పోతుంది గనుక ఇంకా త్వరగా తగ్గుతుంది. నీళ్ళు బాగా తాగమనేది అందుకే.

మందు ఇచ్చే తీరు కూడా చెబుతాను, ఎందుకంటే చాలామంది దాన్ని చూసే భయపడతారు. ఒక చిన్న గది ఉంటుంది. బల్ల మీద పిడికెడంత సీసపు డబ్బా, చూడటానికి చిన్నదే గాని ఎత్తితే చెయ్యి కుంగుతుంది. దాని మూత తీస్తే లోపల గాజు సీసాలో మింగే గొట్టం మాత్ర (క్యాప్సూల్), లేదా రెండు మూడు గుక్కల నీళ్ళలాంటి ద్రవం ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు, రుచి కూడా ఉండదనే అనుకోండి. ద్రవమైతే స్ట్రాతో పీల్చమంటాం, ఆ తర్వాత అదే సీసాలో నీళ్ళు పోసి రెండుసార్లు తాగిస్తాం, చుక్క కూడా వృథా పోకూడదు. టెక్నాలజిస్టు దూరంగా జరిగి, ఒక మీటరు దూరం నుంచి గొంతు వైపు కొలిచే పరికరం పెట్టి అంకె రాసుకుంటాడు. మొత్తం ఐదు నిమిషాల పని. "ఇంతేనా, దీనికోసం ఇంత దూరం వచ్చినమా?" అని ఒక పెద్దాయన నన్ను కొంచెం కోపంగానే అడిగాడు.

మీ అమ్మగారి జబ్బుకు సాధారణంగా 10 నుంచి 15 మిల్లీక్యూరీలు (మందులోని రేడియోధార్మికతకు కొలమానం) ఇస్తారు, అదే రోజు ఇంటికి పంపుతారు. థైరాయిడ్ కేన్సర్‌కైతే 100 మిల్లీక్యూరీలు, అంతకన్నా ఎక్కువ కూడా ఇస్తారు. మన దేశంలో 30 మిల్లీక్యూరీలు దాటితే ప్రత్యేక గదిలో చేర్చుకోవలసిందే, ఆ గది మరుగుదొడ్డి నీటిని విడిగా ట్యాంకుల్లో నిల్వ చేసి, బలం తగ్గాకే వదులుతారు. ఊళ్ళో ఎవరినో నాలుగు రోజులు గదిలో పెట్టి తలుపేశారన్న కథ మీరు విని ఉంటే అది ఈ రెండో రకం వారి గురించి.

ఇక పాప సంగతి. 10 మిల్లీక్యూరీలు మింగిన వెంటనే మీటరు దూరంలో గంటకు సుమారు 20 మైక్రోసీవర్టులు (ఒంటికి తగిలే కిరణాల మోతాదుకు కొలమానం) పడుతుంది. సామాన్య జనానికి ఇటువంటి వాటి వల్ల ఏడాది మొత్తానికి 1000 మైక్రోసీవర్టులు, అంటే ఒక మిల్లీసీవర్టు దాటకూడదని నియమం. దూరం రెట్టింపైతే కిరణం నాలుగో వంతుకు పడిపోతుంది. అదే సూత్రం వెనక్కి కూడా పనిచేస్తుంది: మీటరు దూరంలో ఉన్న పాపను పావు మీటరు దగ్గరికి, అంటే ఒళ్ళోకి తీసుకుంటే పదహారు రెట్లు పెరుగుతుంది. పాప నానమ్మ మెడను కరుచుకుని రాత్రంతా పడుకుంటుందని మీరు రాశారు. మందు ఉండేది సరిగ్గా ఆ మెడలోనే. కాబట్టి పాప గదిలోకి రావడం, పిలిస్తే పలకడం, దూరం నుంచి ఆడించడం తప్పు కాదు. ఎత్తుకోవడం, పక్కలో వేసుకోవడం, తన నోటితో కొరికినది పాప నోట్లో పెట్టడం మాత్రం సాధారణంగా రెండు మూడు వారాలు మానాలి. సరిగ్గా ఎన్ని రోజులన్నది ఇచ్చిన మోతాదును బట్టి మీ చీటీలో రాస్తారు, రాయకపోతే అడిగి రాయించుకోండి. మరుగుదొడ్డి వాడాక రెండుసార్లు నీళ్ళు కొట్టాలి, చేతులు సబ్బుతో కడగాలి. బట్టలు, కంచాలు మామూలుగా ఉతికితే, తోమితే సరిపోతుంది. దేన్నీ కాల్చవలసిన పని లేదు, పారేయవలసిన పని అంతకన్నా లేదు.

ఈ చివరి మాట నొక్కి చెప్పడానికి కారణం నేను చేసిన తప్పు. కొలువులో చేరిన తొలి రోజుల్లో అచ్చంపేట వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మకు మందు ఇచ్చి, "పిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్ళకు దూరంగా ఉండమ్మా" అని నోటిమాటగా చెప్పి పంపాను. ఎన్ని రోజులో చెప్పలేదు, ఎంత దూరమో చెప్పలేదు. రెండు నెలల తర్వాత పరీక్షకు వచ్చినప్పుడు తెలిసింది: ఆమెను పశువుల కొట్టం పక్కన వేరే గుడిసెలో ఉంచారు, తిన్న పళ్ళెం పారేశారు, కోడలు అన్నం తెచ్చి గడప బయట పెట్టి పోయేది. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "ఇప్పుడు లోపలికి పోవచ్చా బిడ్డా?" అని మాత్రం అడిగింది. ఆనాటి నుంచి రోజుల సంఖ్యను, దూరాన్ని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వకుండా నేను ఎవరినీ పంపలేదు.

తిరుగు ప్రయాణం గురించి కూడా ఆలోచించండి. హైదరాబాద్ నుంచి నల్లగొండకు బస్సులో రెండున్నర గంటలు పడుతుంది. పక్క సీట్లో కడుపుతో ఉన్న ఆమె, లేదా చంటిబిడ్డ తల్లి కూర్చుంటే మీరు లెమ్మనలేరు. వీలైతే కారు మాట్లాడుకుని అమ్మగారిని వెనక సీట్లో ఒక మూలకు కూర్చోబెట్టండి. బస్సే దిక్కైతే కిటికీ పక్కన ఆమె, ఆమె పక్కన మీరు కూర్చోండి. పెద్దవారికి ఆ ఒక్క ప్రయాణంలో పడేది చిన్న మోతాదే.

మందుకు ముందు, థైరాయిడ్‌ను అదుపు చేసే కార్బిమజోల్ వంటి మాత్రలను కొన్ని రోజులు ఆపమంటారు, లేకపోతే గ్రంథి అయోడిన్‌ను సరిగా పట్టుకోదు. ఈ మధ్య బొమ్మ స్పష్టంగా రావడానికి కాంట్రాస్ట్ మందు ఎక్కించి సీటీ స్కాన్ తీసి ఉంటే ముందే చెప్పాలి, ఆ మందులో అయోడిన్ కుప్పలుగా ఉంటుంది. కళ్ళు ఉబ్బి ముందుకు వచ్చినట్లుంటే అది కూడా చెప్పండి, ఈ మందుతో కొందరికి కంటి బాధ పెరగవచ్చు. గుణం వెంటనే కనబడదు, ఆరు వారాల నుంచి ఆరు నెలలు కూడా పట్టవచ్చు. చాలామందికి చివరికి గ్రంథి పని బాగా తగ్గిపోయి, రోజూ పొద్దున ఒక థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోను) మాత్ర జీవితాంతం వేసుకోవలసి వస్తుంది. దాన్ని మందు వికటించడమని అనుకోవద్దు, ముందే తెలిసి చేసే బేరమది. ఈ సంగతిని ముందే విప్పి చెప్పకపోవడం వల్ల వచ్చే కొట్లాటలే నేను ఎక్కువగా చూశాను.

రేపు మాపు మీ ఇంట్లోనే ఇంకెవరికైనా "బొక్కల స్కానింగ్" (ఎముకల స్కాన్) రాయవచ్చు గనుక దాని గురించీ నాలుగు మాటలు. అందులో వాడేది టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం, మా విభాగంలో నూటికి ఎనభై పరీక్షలు దానితోనే జరిగేవి. దాని అర్ధాయుష్షు 6 గంటలే, తెల్లారేసరికి పదహారో వంతుకు దిగుతుంది. మరి ఆరు గంటల్లో సగమైపోయే సరుకును ఎక్కడి నుంచో తెచ్చి నిల్వ ఉంచడం ఎట్లా? తేలేం. అందుకని దాని తల్లిని తెచ్చుకుంటాం. మాలిబ్డినం-99 అనే ఆ తల్లి పదార్థం అర్ధాయుష్షు 66 గంటలు, సీసపు తొడుగున్న చిన్న స్తంభంలో దాన్ని నింపి పంపుతారు. పొద్దున్నే ఒక వైపు సూదికి ఉప్పునీటి సీసా, ఇంకో వైపు సూదికి గాలి తీసేసిన ఖాళీ సీసా గుచ్చితే, ఉప్పునీరు స్తంభంలో నుంచి దిగుతూ రాత్రంతా ఊరిన టెక్నీషియంను మాత్రమే కడుక్కుని రెండో సీసాలోకి బుడగలు బుడగలుగా వస్తుంది, తల్లి లోపలే ఉండిపోతుంది. దీన్ని మేం పితకడమనే అనేవాళ్ళం. పాడి ఉన్నవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు: పొద్దున పితికితే మళ్ళీ ఊరడానికి కొంత వ్యవధి కావాలి, రోజు రోజుకు పాలు తగ్గుతాయి, వారం పది రోజులకు కొత్త స్తంభం రావాలి. పితికినదాన్ని కొలిచి, తల్లి పదార్థం ఏమైనా జారి వచ్చిందేమో చూసి గాని ఎవరికీ ఎక్కించరు.

ఆ టెక్నీషియంను ఒక ఫాస్ఫేట్ మందుకు తగిలించి నరానికి ఎక్కిస్తే, మూడు గంటల్లో అది బొక్కల్లో ఎక్కడ కొత్త పని జరుగుతున్నదో అక్కడ చేరుతుంది. పగులు, చీము, వేరే చోటి నుంచి పాకిన కేన్సర్ అన్నీ నల్లటి చుక్కలుగా తెర మీద కనబడతాయి. మన జిల్లాలో దీనికొక ప్రత్యేక చిక్కుంది. ఒక్కోసారి తెర మీద పుర్రె, వెన్ను, పక్కటెముకలు, కాళ్ళు అన్నీ సిరా ముంచినట్లు ఒకే నలుపుగా వచ్చి, ఎప్పుడూ కనబడే మూత్రపిండాలు మసకబారిపోయేవి. కేన్సర్ ఒళ్ళంతా పాకినా ఇట్లాగే ఉంటుంది. అప్పుడు నేను బయటికి వెళ్ళి ముందుగా అడిగేది, "మీది ఏ ఊరు? ఏ నీళ్ళు తాగి పెరిగారు?" అని. మర్రిగూడ అనో మునుగోడు వైపనో అంటే డాక్టరుగారికి ఆ మాట చీటీ మీద రాసి పెట్టేవాణ్ణి, ఎందుకంటే ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌తో గట్టిపడిన బొక్కలు కూడా అచ్చం అట్లాగే వస్తాయి. బొక్కల స్కానింగ్‌కు వెళ్ళేవారు చిన్నప్పుడు తాగిన బోరు నీళ్ళ సంగతి చెప్పడం మరవొద్దనేది అందుకే.

అదే ఫ్లోరిన్ ఇంకో రూపంలో మందు కావడం నాకు ఎప్పుడూ వింతగానే ఉండేది. మన బోర్లలోని ఫ్లోరైడ్‌లో ఉండేది ఫ్లోరిన్-19, అది రేడియోధార్మికమైనది కాదు. సైక్లోట్రాన్ అనే, కణాలను అతి వేగంగా తిప్పే యంత్రంలో తయారుచేసే ఫ్లోరిన్-18 రేడియోధార్మికమైనది, అర్ధాయుష్షు 110 నిమిషాలు. బొక్కలను వెతుక్కుంటూ పోయే గుణం రెంటికీ ఒక్కటే కాబట్టి దానితోనూ బొక్కల స్కాన్ చేస్తారు. ఎక్కువగా మాత్రం దాన్ని గ్లూకోజు వంటి పదార్థానికి తగిలించి పెట్ స్కాన్‌కు వాడతారు. కేన్సర్ కణాలకు చక్కెర ఆకలి ఎక్కువ, అవి దాన్ని ఎక్కువగా లాక్కుంటాయి. అందుకే ఆరు గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు, మందు ఎక్కించాక గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా పడుకోమంటారు. తోచక తెగ తిరిగితే కాళ్ళ కండలే చక్కెరను తాగేసి బొమ్మ పాడవుతుంది.

కేన్సర్ చికిత్సలో కోబాల్ట్-60 పేరు మీరు విని ఉంటారు. ఇప్పుడు చాలాచోట్ల దాని స్థానంలో కరెంటుతో నడిచే లీనియర్ యాక్సిలరేటర్ వచ్చింది. గర్భాశయ ముఖద్వార కేన్సర్‌కు మాత్రం బియ్యపు గింజంత ఇరిడియం-192ను సన్నటి గొట్టం గుండా కొన్ని నిమిషాలు లోపలికి పంపి తిరిగి లాగేసే పద్ధతి ఈనాటికీ ముఖ్యమే. గింజ బయటికి వచ్చేశాక ఒంట్లో ఏమీ మిగలదు, ఆ తల్లులకు ఇంట్లో ఏ అంటూ లేదు.

మీ తమ్ముడి ప్రశ్నకు వస్తాను. ఆ డబ్బాలో ఉన్నది బహుశా సీసియం-137 లేదా కోబాల్ట్-60. గొట్టానికి లేదా పొడి నిల్వ ఉండే పెద్ద తొట్టికి ఒక పక్క దాన్ని, ఎదురుగా రెండో పక్క కిరణాలను లెక్కపెట్టే పరికరాన్ని బిగిస్తారు. మధ్యలో పొడి నిండితే అవతలికి చేరే కిరణం తగ్గుతుంది, ఖాళీ అయితే పెరుగుతుంది. నిప్పులా కాలే తొట్టిలోకి మనిషి తొంగి చూడకుండానే సరుకు ఎంతవరకు ఉన్నదో కంట్రోల్ గదిలో తెలిసిపోతుంది. కొన్ని సిమెంటు కర్మాగారాల్లో బెల్టు మీద పోతున్న సున్నపురాయిలో కాల్షియం ఎంత, సిలికా ఎంత అన్నది కూడా కాలిఫోర్నియం-252 ఇచ్చే న్యూట్రాన్లతో అప్పటికప్పుడు కొలుస్తారు.

డబ్బా చుట్టూ సీసం, ఉక్కు ఉంటాయి, కిరణం ఒక చిన్న కిటికీ గుండా గొట్టం వైపుకే పోతుంది. పక్కన నడిచి పోవడం వల్ల భయపడవలసినది లేదు. భయపడవలసిన సందర్భం ఒకటే: మరమ్మతు కోసం మనిషి తొట్టి లోపలికి దిగేటప్పుడు ఆ కిటికీ మూసి తాళం వేశారా లేదా అన్నది. తాళం వేసినట్లు కళ్ళారా చూడకుండా, రేడియేషన్ భద్రతాధికారి సంతకం లేకుండా దిగవద్దని మీ తమ్ముడికి గట్టిగా చెప్పండి. ఆ పరికరంతో నేరుగా పనిచేసేవారికి ఛాతీకి పెట్టుకునే బ్యాడ్జీ ఇస్తారు, వారికి ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్టుల పరిమితి ఉంటుంది. దామరచర్ల దగ్గర కట్టిన థర్మల్ కేంద్రం వంటి చోట్ల బాయిలర్ గొట్టాల అతుకులను ఇరిడియం కిరణాలతో ఫోటో తీసి చూడటం కూడా ఇటువంటి పనే. అది ఎక్కువగా రాత్రిపూట, తాడు కట్టి, ఎర్ర దీపం పెట్టి చేస్తారు. ఆ తాడు దాటి అడ్డదారిన పోవడం మాత్రం ఎన్నడూ చేయకూడదు.

నా దృష్టిలో అసలైన ప్రమాదం పనిచేస్తున్న డబ్బాతో కాదు, పనికిరాదని పక్కన పడేసిన డబ్బాతో. 2010లో ఢిల్లీలోని మాయాపురి తుక్కు బజారులో జరిగింది అదే. ఒక విశ్వవిద్యాలయం వదిలించుకున్న పాత యంత్రంలో కోబాల్ట్-60 మిగిలి ఉండగా తుక్కుకు పోయింది, దాన్ని కోసిన చోట పలువురు జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు. సీసియం-137 అర్ధాయుష్షు 30 ఏళ్ళు, యంత్రం తుప్పు పట్టినా అందులోని గింజ బతికే ఉంటుంది. పాత ఇనుప సామాను కొనేవారికి సీసం కనబడితే ఆశ పుడుతుంది, చిన్నదై ఉండి లెక్కకు మించి బరువున్న డబ్బా కనబడితే పగలగొట్టాలనిపిస్తుంది. మూడు రెక్కల గుర్తున్నది ఏదైనా మీ చుట్టుపక్కల తుక్కులో కనబడితే ముట్టకుండా, పదిమందిని దూరం జరిపి, పోలీసులకు చెప్పండి.

రోజువారీ బతుకులో ఇది ఎక్కడెక్కడ తగులుతుందని కూడా అడిగారు. ఈసారి మందుల దుకాణంలో సిరంజి కొన్నప్పుడు దాని కాగితం మీద స్టెరైల్ అన్న ఆంగ్ల పదం పక్కన గడిలో 'ఆర్' అక్షరం ఉందేమో చూడండి. ఉంటే దాన్ని మూటగట్టిన తర్వాత, పెట్టెతో సహా, కిరణాలతో శుద్ధి చేశారని అర్థం. వేడి తగిలితే కరిగిపోయే ప్లాస్టిక్‌కు ఇంతకన్నా తేలిక మార్గం తక్కువ. ముంబై దగ్గరి ట్రాంబేలో 1974 నుంచి ఈ పని జరుగుతున్నది. ఉల్లిగడ్డ మొలకెత్తకుండా మహారాష్ట్రలోని లాసల్‌గావ్‌లో, విదేశాలకు పంపే మామిడిలో పురుగు లేకుండా మరికొన్ని చోట్ల కిరణాలు పట్టిస్తారు. ఇవన్నీ నేను మొదట చెప్పిన మిర్చి వంటివే, తిన్నవారి కడుపులోకి కిరణాలు పోవు.

పాలమూరు రైతులకు ఇంకా దగ్గరి ఉదాహరణ పల్లీ విత్తనం. టాగ్-24 పేరు వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు యాసంగి పల్లీ వేసేవారిని అడిగితే చెబుతారు. భాభా అణు పరిశోధన కేంద్రం వారు కిరణాలతో మార్పు తెచ్చిన మొక్కలను ఏరి, వాటిని సంకరపరచి తీసిన రకాల్లో అదొకటి, మొదటి రకమైన టీజీ-1 విడుదలైంది 1973లో. కిరణాలు తగిలింది ఎప్పటివో ముత్తాత గింజలకు, నేడు సంచిలో ఉన్న విత్తనంలో ఆ జాడ లేదు. మన రాతినేలలో వాన నీరు ఎంత లోతుకు ఇంకుతున్నదో కొలవడానికి హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు వాడిన పద్ధతి కూడా చక్కనిది. వానకాలానికి ముందు నేలలో ఒక లోతున కొద్దిగా ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) కలిసిన నీటిని సూదితో దింపుతారు, వానలు వెళ్ళాక అక్కడి మట్టిని పొరలు పొరలుగా తీసి ఆ గుర్తు ఎంత కిందికి దిగిందో చూస్తారు. బోర్లు ఎండిపోయే మన జిల్లాలకు ఇంతకన్నా పనికొచ్చే లెక్క నాకు తోచదు.

పెళ్ళి ఊరేగింపుల్లో నెత్తిన మోసిన గ్యాసు బత్తుల మాంటిల్‌లో థోరియం ఉండేది, వెలుగు అంత తెల్లగా రావడానికి అదే కారణం. కాలిన మాంటిల్ బూడిదను ఊది ఎగరగొట్టడం అంత మంచి ఆట కాదు. పొగను పసిగట్టే కొన్ని రకాల పరికరాల్లో అణువంత అమెరీషియం-241 ఉంటుంది, విప్పనంత వరకు దానితో బాధ లేదు. బండ్ల మీద అంటించే "రేడియం స్టిక్కర్ల"లో మాత్రం రేడియం లేనే లేదు, వెలుతురు పడితే తిప్పి కొట్టే కాగితమది. వంద ఏళ్ళ కింద గడియారపు అంకెలకు నిజంగానే రేడియం పూసేవారు, పూసిన ఆడపిల్లలు కుంచె కొసను పెదవులతో సన్నం చేసుకుని దవడ ఎముకలు పోగొట్టుకున్నారు. ఆ పదార్థం పోయింది, పేరు మాత్రం మన రంగుల దుకాణాల బోర్డుల మీద మిగిలింది.

మీ నాన్నగారి మాటను నేను తేలికగా తీసుకోను. లంబాపురం, పెద్దగట్టు, ఆమ్రాబాద్ విషయంలో జనం అడిగింది నేల గురించి, కృష్ణ నీళ్ళ గురించి, అడవి గురించి, చెంచుల బతుకు గురించి. 2019 సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ కూడా నల్లమలలో తవ్వకాలు వద్దని తీర్మానించింది. గుట్టలు తవ్వితే యురేనియం మాత్రమే రాదు, దానితో కలిసి ఉన్న రేడియం, రాడాన్ వాయువు కూడా తవ్విన మట్టిగుట్టల్లో వేల ఏళ్ళు ఉంటాయి. యురేనియం-238 అర్ధాయుష్షు దాదాపు 450 కోట్ల ఏళ్ళు. మీ అమ్మగారి మందుది 8 రోజులు. మన దేశంలో ఆ మందును టెల్లూరియం అనే వేరే మూలకాన్ని రియాక్టర్‌లో ఉంచి తయారుచేస్తారు. రియాక్టర్ నడిచేది యురేనియంతోనే కాబట్టి రెంటికీ ఏ సంబంధమూ లేదని నేననను. కానీ గుట్టను తవ్వొద్దన్న మనిషి ఆ మందు మింగితే మాట తప్పినట్లు కాదు. ఆ మాటకొస్తే మన గ్రానైటు గుట్టల్లోనూ, మనం తినే అన్నంలోనూ, మీ నాన్నగారి ఒంట్లోని పొటాషియంలోనూ రేడియోధార్మికత కొంత ఉండనే ఉంది. మామూలు మనిషి ఒంట్లో పొటాషియం-40 పరమాణువులు సెకనుకు నాలుగు వేలకు పైగా విచ్ఛిన్నమవుతుంటాయి. ప్రకృతి నుంచి ప్రపంచ సగటున ఏడాదికి సుమారు రెండు నుంచి మూడు మిల్లీసీవర్టులు అందరికీ పడుతూనే ఉంటుంది.

సద్దుల బతుకమ్మకు ఇంకా ముప్పై రోజులున్నాయని, ఆనాటికి అమ్మగారు పాపను ఎత్తుకుని ఆడగలరా అని చివర అడిగారు. మందు ఈ వారంలోనే తీసుకుంటే, మీ చీటీలో మూడు వారాలని రాసి ఉంటే, ఆ రోజుకు ఆ గడువు దాటిపోతుంది. వచ్చే వారానికి వాయిదా వేస్తే మాత్రం రోజులు సరిగ్గా అంచు మీదికి వస్తాయి, కాబట్టి అపాయింట్‌మెంట్ అడిగేటప్పుడే పండుగ తేదీ చెప్పి రోజు ఖాయం చేసుకోండి.